1918 సావరిన్ బరువు ఎక్కువ తూగుతోంది, అసలుదేనా?

కోనసీమ_బుల్లోడు:
మధ్యాహ్నం అన్నం తిన్న దగ్గర్నుంచి దీంతోనే కూర్చున్నాను, తల వేడెక్కిపోయింది. అమ్మమ్మ కాసులపేరు పంపకాల్లో నాకొక సవరను (అదే సావరిన్, బ్రిటిష్ వాళ్ళ బంగారు కాసు) వచ్చింది. ఐదో జార్జి, 1918. ఎక్కడ చదివినా సావరిన్ బరువు 7.98 గ్రాములనే ఉంది. నాది 8.41 తూగుతోంది! కాటా పాడైందేమోనని పది రూపాయల బిళ్ళ పెట్టి చూశాను, 7.7 చూపించింది, అంటే కాటా బాగానే ఉంది. బ్యాటరీలు మార్చాను. పక్కింటివాళ్ళ కాటా అడిగి తెచ్చాను, దానిమీదా 8.41. కొట్లో క్యారెట్ మిషన్‌లో పెడితే బంగారం నూటికి 91 పైచిలుకు వచ్చింది, "బంగారమే బాబూ, ఇచ్చేస్తారా" అన్నాడు. తక్కువ తూగితే మోసం అనుకుంటాం, ఎక్కువ తూగితే ఏమనుకోవాలి? మా మావయ్యేమో చూడగానే "దొంగ కాసురా ఇది" అనేశాడు. అసలుదా కాదా, ఒక్క ముక్కలో చెప్పండి చాలు.

హంపి_వరహా:
ఒక్క ముక్కలో తేలేది కాదు తమ్ముడూ. అయినా మనవాళ్ళకి ఈ దొరల కాసుల మీద ఇంత మోజెందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు. మన బంగారు నాణెం అంటే వరహా. తూకం 3.4 గ్రాములు, చిటికెన వేలి గోరంత ఉంటుంది, ఆ కాస్త చోటులోనే హరిహరుడి కాలంలో హనుమంతుణ్ణి, దేవరాయల కాలంలో ఉమామహేశ్వరుల్ని, కృష్ణదేవరాయల కాలంలో బాలకృష్ణుణ్ణి, అచ్యుతరాయల కాలంలో గండభేరుండాన్ని పట్టించారు. ఇంకా వెనక్కి వెళితే వేంగీ చాళుక్యులవి. శక్తివర్మ, రాజరాజ నరేంద్రుడు కొట్టించిన వరాహ ముద్ర బంగారు నాణేలు ఎక్కడో బర్మా తీరంలో అరకాన్ దగ్గర దీవిలో కూడా దొరికాయి. మన రాజమహేంద్రవరం బంగారం సముద్రం దాటి వెళ్ళిందన్నమాట. సావరిన్లు లక్షల్లో, కోట్లలో కొట్టారు, దానిలో చూసేదేముంది?

సీతాఫల్_మండి:
ఫోటో పెట్టు. రెండు వైపులా. అంచు కూడా.

కోనసీమ_బుల్లోడు:
ఫోటో ఎక్కట్లేదండీ, సైజు ఎక్కువంటోంది. వరహాల గురించి అడగలేదు నేను. రాజు తల ఒకవైపు, గుర్రం మీద మనిషి ఒకవైపు. మామూలుగా ఉండేదే. కుంకుడు రసంతో తోమాను కూడా, బ్రహ్మాండంగా మెరుస్తోంది.

పాత_అణా:
తోమారా! అయ్యో. నాణేన్ని తోమకండి, రుద్దకండి, పాలిష్ పెట్టకండి అని ఎంత మొత్తుకున్నా ఇదే వరస. 22 క్యారెట్ల బంగారం మెత్తనిది, కుంకుడు గింజల పొట్టు రుద్దుకున్నా సన్నటి గీతలు పడిపోతాయి. ఆ గీతలు భూతద్దంలో చూసేవాడికి వెంటనే కనిపిస్తాయి.

సరే, జరిగిందేదో జరిగింది. రాజు తల మీద కిరీటం ఉందా, లేదా? అడగటానికి కారణం ఉంది. 1918లో బొంబాయి టంకశాలలో రెండు రకాల బంగారు నాణేలు కొట్టారు. ఒకటి సావరిన్: కిరీటం లేని తల, వెనక సెయింట్ జార్జ్ డ్రాగన్‌ని పొడిచే బొమ్మ. రెండోది 15 రూపాయల మొహర్: కిరీటం, రాజవస్త్రాలతో రాజు, వెనక పూలతీగల మధ్య "15 రూపాయలు" అని ఇంగ్లీషులో. అప్పట్లో సావరిన్‌కి 15 రూపాయల మారకం కాబట్టి రెండింటికీ ఒకే తూకం, ఒకే 22 క్యారెట్. మొదటి ప్రపంచ యుద్ధంలో బంగారం ఓడల్లో లండన్‌కి పంపటం ప్రమాదమని ఇక్కడే కొట్టించారు. బొంబాయి సావరిన్ 1918 తేదీతో ఒక్కటే. దానికి గుర్తు: తేదీకి పైన, గుర్రం కాళ్ళ కింది నేల మీద, సరిగ్గా మధ్యలో ఇంగ్లీషు "ఐ" అక్షరం. చాలా చిన్నది, భూతద్దం ఉంటేగానీ దొరకదు. అదే చోట "పి" ఉంటే పెర్త్, "ఎం" ఉంటే మెల్‌బోర్న్, "ఎస్" ఉంటే సిడ్నీ.

కోనసీమ_బుల్లోడు:
కిరీటం లేదు. "ఐ" ఉంది. అంటే అరుదైనదేగా? మా అక్క డాలస్ నుంచి వచ్చింది, అక్కడికి పట్టుకెళితే మంచి రేటు వస్తుందంటోంది.

పాత_అణా:
అరుదేమీ కాదు. దాదాపు 13 లక్షలు కొట్టారు. చాలా వరకు కరిగిపోయాయి అనేది నిజమే, అయినా మన ఇళ్ళల్లో ఇంకా బాగానే ఉన్నాయి.

ప్లీడరు_గుమస్తా:
డాలస్ అన్నారు కాబట్టి చెప్పకుండా ఉండలేను. 1972 పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. 1918 నాణెం ఎప్పుడో ఆ లెక్కలోకి వచ్చేసింది. దాన్ని దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికి, లేదా అది అధికారమిచ్చిన సంస్థకే ఉంది. మీ అమ్మమ్మదైనా సరే, మీ అక్క మెడలో ఉన్నా సరే. పట్టుబడితే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, పైన జరిమానా. "బంగారమేగా, నగేగా" అని విమానాశ్రయంలో వాదించే వాళ్ళని చూసి జాలేస్తుంది.

కోనసీమ_బుల్లోడు:
జైలు సంగతి తర్వాత చూద్దామండీ. బరువు ఎందుకు ఎక్కువుందో ఎవరూ చెప్పట్లేదు!

ఇందూరు_బిడ్డ:
మా దిక్కు తులం లెక్కనే. కాసు అంటే 8 గ్రాములు గదా, 8.41 అంటే కొంచెమే ఎక్కువ. అంత ఫికర్ దేనికి?

పాత_అణా:
అన్నా, 8 గ్రాములనేది నగల కొట్టు లెక్క. సావరిన్ 7.988 గ్రాములు, అందులో మేలిమి బంగారం 7.322. టంకశాల అంత ఖచ్చితంగా కొట్టేది. అరిగి 7.938 కంటే తగ్గితే బ్రిటన్‌లో చెల్లనిచ్చేవాళ్ళు కాదు. అరిగి తగ్గటం ఉంటుందిగానీ, వాడకంలో 0.42 పెరగటం ఉండదు.

ఇందూరు_బిడ్డ:
మరి తులం గూడ 10 గ్రాములు కాదు, అసలు తులం 11.66. అది ఎవరు మార్చిన్రు?

సీతాఫల్_మండి:
రింగు ఉందా?

కోనసీమ_బుల్లోడు:
ఏ రింగు?

సీతాఫల్_మండి:
కాసులపేరులో గుచ్చడానికి పెట్టేది.

కోనసీమ_బుల్లోడు:
ఉంది. కాసులపేరులోది అని మొదటే రాశానుగా, రింగు లేకుండా దారానికి ఎలా ఎక్కుతుంది?

సీతాఫల్_మండి:
0.42 అదే.

హంపి_వరహా:
పొద్దున్నుంచి దీనికా మనం కొట్టుకుంటున్నది!

కోనసీమ_బుల్లోడు:
రింగు ఎంతుంటుంది, చీమంత. సరే, అదే అయితే ఆచారి గారి దగ్గరికి తీసుకెళ్ళి కోయించి, మళ్ళీ తూయిస్తాను.

పాత_అణా:
ఆగండి ఆగండి. ఆ పని చేయకండి. రింగుని టంకంతో అతికించారు. తీయాలంటే మంట పెట్టాలి, లేదా ఆకురాయి పట్టాలి. మంట పెడితే అంచు మీది గాడులు కరుగుతాయి, రాయితో పట్టిస్తే కాసు బంగారమే పోతుంది. తీశాక కూడా టంకం మచ్చ పోదు. ఒకసారి నగలోకి ఎక్కిన నాణేన్ని సేకరించేవాళ్ళు నాణెంగా కొనరు, బంగారం ధరకే అడుగుతారు. తీసినా తీయకపోయినా ఆ ధర అంతే, ఇంకెందుకు పాడుచేయటం?

బంగారమో కాదో తేలాలంటే ఇంట్లోనే చూడొచ్చు. కాటా మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి సున్నా చేయండి. కాసుని కుట్టుదారంతో కట్టి, గ్లాసు అడుగుకీ గోడలకీ తగలకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేలా పట్టుకోండి. అప్పుడు కాటా చూపించేది కాసు తోసిన నీటి బరువు. 8.41ని దాంతో భాగించండి. రాగి కలిసిన 22 క్యారెట్ల బంగారమైతే 17.5, 17.8 మధ్య వస్తుంది. ఇత్తడి మీద పూతైతే 9 కూడా దాటదు. బుడగలు లేకుండా చూసుకోండి, బుడగ ఒకటి ఉన్నా లెక్క తప్పుతుంది.

ప్లీడరు_గుమస్తా:
బంగారమే అని తేలినంత మాత్రాన దొంగ నాణెం కాదని ఎలా అంటారు? మావయ్య గారి మాట కొట్టేయడానికి లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీలో, లెబనాన్‌లో అసలు బంగారంతోనే సావరిన్లు కొట్టి అమ్మారు. బంగారం ధర కంటే సావరిన్ ధర ఎక్కువ పలికేది, ఆ తేడాయే లాభం.

ఇందూరు_బిడ్డ:
బంగారం పూరా ఉన్నంక దొంగది ఎట్లయితది? నష్టపోయిందెవరు?

ప్లీడరు_గుమస్తా:
సరిగ్గా అదే వాదన కోర్టుకెక్కింది. మిలాన్‌లో కొట్టించిన వ్యాపారిని పట్టుకుంటే, 1950ల మొదట్లో స్విట్జర్లాండ్ న్యాయస్థానం "సావరిన్ ఇప్పుడు చలామణి డబ్బు కాదు, కాబట్టి ఇది దొంగ డబ్బు కొట్టిన నేరం కాదు" అంది. బ్రిటన్ ఊరుకుంటుందా, 1957 నుంచి రాణి బొమ్మతో కొత్తవి మళ్ళీ విరివిగా కొట్టటం మొదలుపెట్టింది. నన్నడిగితే టంకశాల కొట్టనిది ఏదైనా దొంగదే, బంగారం ఎంతున్నా.

హంపి_వరహా:
అయితే మన ఆచార్లు చేసే లక్ష్మీకాసులు కూడా దొంగవేనా? ఆ మాటకొస్తే చాలా కాసులపేర్లలో ఉండేవి సావరిన్లు కానే కావు, పలచటి లక్ష్మీకాసులే.

ప్లీడరు_గుమస్తా:
లక్ష్మీకాసు తాను రాజుగారి నాణేన్నని చెప్పుకోదు కదండీ.

పాత_అణా:
అక్షరాలు చూసుకుంటే సరి. రాజు మెడ దగ్గర బొమ్మ ఆగిపోయిన అంచు మీద "బి.ఎం.", వెనక తేదీ పక్కన కుడివైపు "బి.పి." అని ఉండాలి. మొదటిది తల చెక్కిన మెకెన్నల్‌ది, రెండోది 1817లో గుర్రం బొమ్మ చెక్కిన పిస్ట్రుచ్చిది. దొంగవాటిలో ఇవి మసకగానో, ముద్దగానో ఉంటాయి. మీవి స్పష్టంగా ఉన్నాయా?

కోనసీమ_బుల్లోడు:
నీళ్ళలో 0.48 వచ్చింది. భాగిస్తే 17.5. బంగారం వరకు ఖాయం. అక్షరాలు రేపు పగటిపూట చూస్తాను, కళ్ళు లాగేస్తున్నాయి. థాంక్స్ అండీ అందరికీ.

ప్లీడరు_గుమస్తా:
మీ అక్కగారికి చట్టం సంగతి చెప్పారా?

ఇందూరు_బిడ్డ:
నా దగ్గర చార్మినార్ బొమ్మ నిజాం బంగారు నాణెం, అష్రఫీ ఒకటుంది, 11 గ్రాముల మీద చిల్లర తూగుతంది. సరిగ్గా ఎంత ఉండాలె? ఇక్కడనే అడగొచ్చా?

సీతాఫల్_మండి:
వేరేగా పెట్టు. ఫోటోతో.