మామిడి తోటను ఫొటో తీస్తే అంతా గజిబిజిగా వస్తోంది: వెలుతురు గురించీ, నిలబడవలసిన చోటు గురించీ సలహా కావాలి

ప్రశ్న: తోటదారి

అందరికీ నమస్కారం. నూజివీడు దగ్గర మా మేనమామగారికి పాత మామిడి తోట ఉంది. చిన్న రసాలూ బంగినపల్లీ కలిపి నాటిన తోట అది. మా తాతగారి హయాంలో పెట్టిన చెట్లే ఇప్పటికీ కాస్తున్నాయి. ఇళ్ల స్థలాలు తోట అంచుదాకా వచ్చేశాయి, మావయ్యగారికి వయసు మీద పడింది, కాబట్టి ఆ చెట్లు ఇంకెన్నేళ్లు నిలుస్తాయో చెప్పలేం. ఈసారి కాయ దిగేలోగా తోటనూ, అందులో జరిగే పనినీ శ్రద్ధగా ఫొటోలు తీసి, ఇంట్లో అందరికీ తలా ఒక ఆల్బమ్ చేయించి ఇవ్వాలని నా కోరిక.

తోటలోకి అడుగుపెట్టగానే ఒంటికి తగిలే చల్లదనం, వరుసల వెంట చూపు వెళ్లినంత దూరం కనిపించే ఆ లోతు నా ఫొటోల్లో ఎక్కడా కనిపించడం లేదు. ఆకుల సందుల్లోని ఆకాశం తెల్లటి మచ్చలుగా పేలిపోతోంది, మానులు నల్లగా మిగులుతున్నాయి, కొమ్మలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఏ చెట్టు ఏదో తెలియకుండా పోతోంది. నా దగ్గర 16-50 మిల్లీమీటర్ల లెన్సు ఉన్న మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి, మామూలు ఫోను ఒకటి ఉన్నాయి. కొత్త లెన్సు కొనడం కన్నా ఉన్నదానితో సరిగా తీయడం నేర్చుకోవాలనుకుంటున్నాను.

ఇంకో సంగతి కూడా ఉంది. కాయ కోసేవాళ్లను తీద్దామని కెమెరా పైకెత్తేసరికి వాళ్లు పని ఆపేసి, పైట సర్దుకుని, నిటారుగా నిలబడుతున్నారు. వాళ్ల మర్యాద నాకు అర్థమవుతుంది, కానీ నాకు కావలసింది వాళ్ల పని. దీనికి పద్ధతి ఏమైనా ఉంటే పెద్దలు చెప్పగలరు.

సమాధానం: కాలువగట్టు

తోటదారి గారూ, మీ తోట వరుసలుగా నాటినది కావడం మీకు మంచి అనుకూలం. పాత మామిడి తోటల్లో చెట్టుకూ చెట్టుకూ మధ్య సాధారణంగా 10 మీటర్ల ఎడం ఉంచి, చతురస్రంగా నాటేవారు. అలాంటి తోటలో వరుస వెంబడి చూస్తే ఒక బాట తెరుచుకుంటుంది, ఐమూలగా చూస్తే మరొకటి, కాస్త ఇరుకైనది, తెరుచుకుంటుంది. ఈ రెంటికీ నడుమ ఎటు తిరిగినా ముందున్న మాను వెనకున్న మానును కప్పడం మొదలవుతుంది. మానుల మధ్య ఖాళీ మూసుకుపోతే నాలుగు చెట్లున్నా గజిబిజిగానే ఉంటుంది. ఖాళీ కనిపిస్తే నలభై చెట్లున్నా కన్ను తేలికగా లోపలికి వెళ్తుంది. కాబట్టి ముందు కెమెరా సంచిలోనే ఉంచి, ఒక చోట నిలబడి అరడుగు కుడికీ అరడుగు ఎడమకూ జరుగుతూ, ఏ చోట మానులు ఒకదాని నుంచి ఒకటి విడివడుతున్నాయో కంటితోనే చూసుకోండి. ఆ చోటు దొరికాకే కెమెరా తీయండి.

తర్వాత మోకాళ్ల మీద కూర్చుని చూడండి. ముదురు మామిడి చెట్టు కొమ్మలు కిందికి వాలి ఉంటాయి. కెమెరా నడుము ఎత్తుకు దిగితే ఆ వాలిన కొమ్మలే ఆకాశాన్ని చాలావరకు కప్పేస్తాయి, మీరు చెప్పిన తెల్లటి మచ్చల్లో సగం అక్కడే పోతాయి. కెమెరాను పైకెత్తకుండా సమంగా పట్టుకోవడం కూడా అవసరం. కొంచెం పైకి వంచినా మానులన్నీ పైన ఒకచోటికి వాలుతున్నట్టు వస్తాయి.

మీ లెన్సులో 16 మిల్లీమీటర్ల దగ్గర, అంటే అన్నిటికన్నా వెడల్పుగా, తీస్తే ముందు చెట్టు భారీగా, వెనక వరుసలు వేలెడంత కనిపిస్తాయి. బాగా వెనక్కి నడిచి 40, 50 దగ్గర తీసి చూడండి. వరుసలు ఒకదాని వెనక ఒకటి దగ్గరగా నిలుస్తాయి. నిజానికి ఈ మార్పు తెచ్చేది లెన్సు కాదు, మనం నిలబడిన దూరం. లెన్సు ఎంతమేర కత్తిరించాలో మాత్రమే నిర్ణయిస్తుంది.

మా కోనసీమలో కొబ్బరి తోటలు తీసేవాళ్లందరం ధనుర్మాసం కోసం ఎదురుచూస్తాం. కాలువలూ తడి చేలూ ఉన్న నేల, గాలి లేని రాత్రి, మబ్బు లేని ఆకాశం కలిస్తే తెల్లవారేసరికి మంచు దట్టంగా దిగుతుంది. వెనక చెట్లు తెల్లబారి, ముందు చెట్లు వాటి నుంచి వాటంతటవే విడిపోతాయి. మీకు ఈ ఏటికి ఆ కాలం దాటిపోయింది కానీ, వచ్చే జనవరిలో పూత మీద ఉన్నప్పుడు ఒకసారి తెల్లవారకముందే వెళ్లండి. పూత మీద మంచు కురిస్తే రైతుకు దిగులే, ఆ దిగులు కూడా మీ ఆల్బమ్‌లో ఉండదగినదే. మంచులో తీసేటప్పుడు ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోకు అందే వెలుతురు మోతాదును, ఒక స్టాప్ వరకు (రెట్టింపు దాకా) పెంచుకోవడం మరవకండి. తెల్లదనం ఎక్కువగా ఉన్నచోట కెమెరా దాన్ని బూడిదరంగుగా లెక్కగట్టి ఫొటోను చీకటి చేస్తుంది.

సమాధానం: నీడపట్టు

పైన కాలువగట్టు గారు నిలబడే చోటు గురించి చెప్పినదంతా సరైనదే. నేను వెలుతురు గురించి చెబుతాను, ఎందుకంటే మీ బాధలో ఎక్కువ పాలు దానిదే.

మన కన్ను నీడలోని మానును చూసేటప్పుడు ఒకలా, ఆకాశం వైపు తిరిగినప్పుడు మరోలా క్షణంలో సర్దుకుంటుంది. కెమెరా మొత్తం దృశ్యాన్ని ఒకే కొలతతో పట్టాలి. ఎండకాచిన మధ్యాహ్నం మామిడి తోటలో ఆకాశానికీ నీడకూ మధ్య తేడా కెమెరా లోపల వెలుతురును పట్టే సెన్సర్ పట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువ. అందుచేత ఏదో ఒకటి వదులుకోక తప్పదు, ఏది వదులుకోవాలో మీరే ముందుగా నిర్ణయించుకోవాలి. డిజిటల్ ఫొటోలో పూర్తిగా తెల్లబారిన చోట వివరం తిరిగి రాదు. నీడలో మాత్రం, రా ఫైలుగా (కెమెరా తన దిద్దుబాట్లు చేయకుండా దాచే మూల ఫైలుగా) తీసి ఉంటే, తర్వాత కంప్యూటర్‌లో చాలావరకు పైకి తీయవచ్చు. కనుక తెరమీద చీకటి ఎడమకూ వెలుతురు కుడికీ చూపే గ్రాఫు, హిస్టోగ్రామ్, కుడి అంచుకు గుద్దుకోకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి తీయండి. అంతకన్నా మేలైన మార్గం, ఫ్రేములో ఆకాశమే రాకుండా చూసుకోవడం, లేదా పలుచగా మబ్బు పట్టిన రోజున వెళ్లడం. మబ్బు కింద తోటంతా ఒకే వెలుతురు పరుచుకుంటుంది, మాను మీది నెర్రెలూ, పాచి మచ్చలూ, కొత్త చిగుళ్లలోని రాగి ఎరుపూ వేటికవి కనిపిస్తాయి.

కొత్త లెన్సు వద్దన్నారు, మంచిదే. కానీ ఒక పోలరైజర్ ఫిల్టర్ కొనుక్కోమని గట్టిగా చెబుతాను. మామిడాకు మీద మైనపు పూత ఉంటుంది, దాని మీద ఆకాశం ప్రతిఫలించి ఆకు తెల్లగా మెరుస్తుంది. మీ ఫొటోల్లో పచ్చదనం వెలిసినట్టు కనిపించడానికి కారణం అదే. ఫిల్టర్‌ను లెన్సు ముందు మెల్లగా తిప్పుతూ తెరమీద చూడండి, ఒకచోట ఆ మెరుపు తగ్గి అసలు ఆకుపచ్చ బయటపడుతుంది. వాన వెలిసిన వెంటనే, మబ్బు పట్టిన రోజున కూడా ఇది పనిచేస్తుంది. దీనివల్ల ఒకటిన్నర స్టాప్ దాకా వెలుతురు తగ్గుతుంది కనుక ట్రైపాడ్ ఉంటే మంచిది, లేకపోతే ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) 400 లేదా 800కు పెంచండి. లెన్సు రంధ్రాన్ని తగ్గించి ఎఫ్/8 దగ్గర తీస్తే దగ్గరి మాను నుంచి దూరపు వరుసల దాకా చాలినంత స్పష్టత వస్తుంది.

సమాధానం: ఊడలమర్రి

నీడపట్టు గారి మాటలో ఒక్క విషయంతో నేను ఏకీభవించలేను. మబ్బు కోసం ఎదురుచూడమనడం అడవికి సరిపోతుందేమో కానీ, మన తోటల అందమే నేల మీద పడే ఎండపొడల్లో ఉంది. కోత వేసవిలో, వేసవి అంటే ఎండ. దాన్ని తప్పించి తీస్తే అది ఏ దేశపు తోటో తెలియని ఫొటో అవుతుంది. ఎండపొడనే ప్రధానంగా తీసుకుని, దానికి తగినట్టు ఎక్స్‌పోజర్ పెట్టి, మిగతాదాన్ని చీకట్లోకి వదిలేయండి. పొడ పడిన చోటికి ఒక బుట్టో, ఒక చెయ్యో, పడుకున్న కుక్కో వచ్చేదాకా ఆగండి.

నేను మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని ఏళ్లుగా తీస్తున్నాను. అది ఒక్క చెట్టే అయినా ఊడలు దిగి తోపులా ఉంటుంది. చెదలు పట్టి కూలిపోయే స్థితికి వచ్చినప్పుడు, 2018లో, దాని కొమ్మలకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించి కాపాడారు. కదిరి దగ్గర ఐదెకరాలకు పైగా పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన తిమ్మమ్మ మర్రిమానుదీ ఇదే తీరు. వాటిని మొత్తంగా ఒక్క ఫ్రేములో పెట్టాలని చూసినవాళ్లకు కొమ్మల చిక్కు తప్ప ఏమీ దొరకదు. ఒక ఊడ, దాని పక్కన ఒక మనిషి: అంతతోనే చెట్టు ఎంత పెద్దదో చూసేవారికి తెలిసిపోతుంది. మీ తోటకూ అదే వర్తిస్తుంది.

ఇక మనుషుల విషయం. మీరు కెమెరాతో కనిపించే మొదటి రోజే ఫొటోలు ఆశించకండి. మావయ్యగారి చేత చెప్పించి, కోతకు వచ్చినవాళ్లతో ఒక పూట కూర్చుని, వాళ్లతో కలిసి టీ తాగి, ఫొటోలు ఎందుకు తీస్తున్నారో వివరంగా చెప్పండి. ఆడవాళ్లను విడిగా అడగండి, వద్దన్నవాళ్లను తీయకండి. వాళ్లు నిలబడి పోజు ఇస్తే ఆ ఫొటో తప్పకుండా తీయండి, ఎందుకంటే వాళ్లు కోరుకున్నది అదే. దాన్ని ప్రింటు వేయించి మళ్లీ వెళ్లినప్పుడు చేతికివ్వండి. మా వైపు గీత కార్మికులు మోకు బిగించుకుని తాడెక్కేటప్పుడు నన్ను పట్టించుకోవడం మానేసింది ప్రింట్లు ఇచ్చిన తర్వాతే.

పనిని తీయాలంటే పని జరగబోయే చోట ముందుగా కూర్చోవాలి. దోటికి కట్టిన చిక్కంలోకి కాయ పడే క్షణం చూడటానికి బాగుంటుంది కానీ, ఆ సమయంలో అందరి ముఖాలూ పైకి, ఆకాశం వైపు ఉంటాయి. దానికన్నా కింద గోతాం పట్టా మీద కాయను రాశి పోసి, సొన కారనిచ్చి, పుచ్చూ పండూ వేరుచేసే చోట కూర్చోండి. అక్కడ అందరి చూపూ చేతుల మీదే ఉంటుంది, కెమెరా ఎవరికీ గుర్తుండదు. పైగా తెల్లటి పట్టా మీద పడ్డ వెలుతురు ముఖాల మీదికి తిరిగి వస్తుంది. చేతుల కదలిక ఆగిపోయినట్టు రావాలంటే షట్టర్ వేగాన్ని 1/250 సెకను కన్నా తగ్గనీయకండి.

తోటదారి

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. ఐమూల బాట సంగతి ఇన్నేళ్లలో ఎప్పుడూ గమనించలేదు. పట్టా పక్కన కూర్చోమన్న సలహా నాకు చాలా నచ్చింది, రాశి పోసేది మా తోటలో బావి పక్కనే, అక్కడ నీడ కూడా చిక్కగా ఉంటుంది. ఒక్క సందేహం మిగిలింది: చెట్ల కింద తీసిన ముఖాలన్నీ ఆకుపచ్చగా పాలిపోయినట్టు వస్తున్నాయి. ఫోనులో మరీ ఎక్కువ. ఫోనుతో తీయడం మానేయాలా?

నీడపట్టు

మానేయనక్కర్లేదు. ఆకుల గుండా వచ్చే వెలుతురు నిజంగానే ఆకుపచ్చగా ఉంటుంది, అదే ముఖం మీద పడుతుంది. కెమెరాలో రా ఫైలుగా తీసి, గోతాం పట్టాలో తెల్లగా ఉన్న చోటును ఆధారంగా తీసుకుని తర్వాత రంగు సరిచేయండి. పూర్తిగా తుడిచేయకుండా కొంచెం పచ్చదనం ఉంచండి, లేకపోతే వాళ్లు తోటలో ఉన్నట్టే అనిపించదు. వీలైతే నడి తోటలో కాక, బావి వైపు తెరపి ఉన్న అంచున కూర్చోమనండి. పక్క నుంచి వచ్చే ఆకాశపు వెలుతురు ఆ రంగును తగ్గిస్తుంది.

ఫోనులో వెలుతురున్న చోట వేలు కాసేపు నొక్కి ఉంచితే ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ అక్కడే నిలిచిపోతాయి, తర్వాత వేలును కిందికి జరిపి వెలుతురు కాస్త తగ్గించుకోవచ్చు. ఫోను తనంతట తాను రెండు మూడు ఫ్రేములు కలిపి ఆకాశాన్ని కాపాడాలని చూస్తుంది. గాలి వీస్తున్నప్పుడు ఆ కలపడంలో కొమ్మల చివర్లు జంటలుగా వస్తాయి, కనుక గాలి పడిపోయేదాకా ఆగి నొక్కండి. మే నెలలో కోత తెల్లవారగానే మొదలవుతుంది కాబట్టి ఎనిమిదిన్నర లోపు తోట ఫొటోలు ముగించుకుని, ఎండ నెత్తికెక్కాక పట్టా దగ్గరికి వెళ్లండి.