అమ్మ రిపోర్టులో ‘పి16 పాజిటివ్’ అని ఉంది, జీన్స్ అంటే మాకూ వస్తుందా?

ఆమదాలవలస పిల్ల:
అమ్మకి 54. నెలసరి ఆగిన ఐదేళ్లకి మళ్లీ మరకలు కనబడితే మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. విశాఖలో ముక్క తీసి చూసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అన్నారు. డాక్టర్ గారు జీన్లలో మార్పులని ఏదో చెప్పారు. వెనక పదిమంది నిలబడి ఉంటే ఇంకేం అడుగుతాను? అత్త ఆ ఒక్క మాట పట్టుకుంది, ‘జీన్సంటే వంశంలో ఉన్నట్టే’ అని. చెల్లికి రాజాం సంబంధం మాటల్లో ఉంది. టెన్షన్‌తో నిద్ర లేదు.

ల్యాబ్ బాబాయ్, విజయనగరం:
తల్లీ, నేను డాక్టర్ని కాను, పదిహేడేళ్లుగా ల్యాబ్‌లో స్లైడ్లు చేస్తున్నాను. మీ అత్తగారి మాట తప్పు. పుట్టుకతో వచ్చే మార్పు వేరు, ఒంట్లో ఒకచోట కణాల్లో మధ్యలో వచ్చే మార్పు వేరు. ఈ రెండోది బిడ్డలకి దిగదు.

పి16 అసలు జీన్ మార్పే కాదు, కణం చేసే ఒక ప్రొటీన్. ముక్కని మైనంలో పోసి, పల్చటి పొరగా కోసి, మందు వేస్తే పాజిటివ్ ఉన్నచోట కింది నుంచి పైదాకా చిక్కటి గోధుమరంగు తిరుగుతుంది. అది ఈ క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్ అడుగుజాడ. (హెచ్‌పీవీ 16 అని ఒక రకం కూడా ఉంది, రెండూ కలిపేసుకోకండి.) ఆ వైరస్ చేసే ఈ7 ప్రొటీన్, కణానికి బ్రేకులాంటి ఆర్‌బీని పట్టేస్తుంది. బ్రేకు పడక కణం పి16ని కుప్పలుగా తయారుచేస్తుంది, ఆ రంగు అదే. ఈ6 ప్రొటీనేమో పి53ని నాశనం చేయిస్తుంది. డీఎన్‌ఏ దెబ్బతిన్న కణాన్ని ఆపేది పి53. చాలా క్యాన్సర్లలో ఆ పి53ని చేసే జీనే పాడవుతుంది. ఇక్కడ ఎక్కువమందిలో జీన్ శుభ్రంగానే ఉంటుంది, ప్రొటీనే మిగలదు.

కాపలా పోయాక తప్పులు పేరుకుంటాయి, పదిహేను ఇరవై ఏళ్లు పట్టొచ్చు. విచిత్రమేంటంటే, వైరస్‌ని చెడగొట్టాల్సిన మన అపోబెక్ ఎంజైములే మన డీఎన్‌ఏ మీద పడతాయి. పీఐకే3సీఏ జీన్‌లో మార్పు చాలావరకు ఆ బాపతే, సుమారు నాలుగు గడ్డల్లో ఒకదాంట్లో ఉంటుంది. ఇక ఆ కణానికి ‘పెరుగు’ అనే సిగ్నల్ ఆగదు. పక్క కణాన్ని పట్టుకునే పట్టు కూడా సడలితే చుట్టూ ఉన్న కండలోకి, లింఫ్ గ్రంథుల్లోకి పాకుతుంది. ఎమ్మారైలో వెతికేది దాన్నే.

ఏమీ అనుకోవద్దు, అమ్మగారు చుట్ట కాలుస్తారా?

ఆమదాలవలస పిల్ల:
అడ్డపొగ, బాబాయ్. నిప్పు నోట్లో పెట్టుకుని. మా మామ్మ దగ్గర నేర్చుకుంది.

ల్యాబ్ బాబాయ్, విజయనగరం:
మానిపించు. దెబ్బ నోటికే అనుకుంటారు గానీ పొగాకు విషం రక్తంలో తిరిగి ముఖద్వారం దాకా చేరుతుంది, అక్కడి డీఎన్‌ఏనీ పాడుచేస్తుంది.

బొబ్బిలి టీచర్:
మా పిన్నికి వచ్చినప్పుడు జీన్స్ మాట పోయి వైరస్ మాట మొదలైంది, ‘ఎలా అంటుకుంది’ అని గుసగుసలు. ఎక్కువగా కలయికతోనే అంటుతుంది, నిజమే. కానీ కాపురం చేసేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు అంటి, ఎక్కువమందిలో ఏడాది రెండేళ్లలో దానంతటదే పోతుంది. మీ అత్తగారి దగ్గర వైరస్ ఊసెత్తకండి. మీకు ముప్పై దాటితే హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోండి. ఇంట్లో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలుంటే టీకా.

ఆమదాలవలస పిల్ల:
నాకు 31, ఈ వారమే వెళ్తాను. చుట్టల కట్ట బియ్యం డ్రమ్ములో దాచాను. ఇందాకటి నుంచి అమ్మ ఇల్లంతా వెతుకుతోంది.