అప్‌డేట్: క్వార్ట్జ్ సెన్సర్ మీద రక్తనాళాల లోపలి పొర కణాలు, సిగ్నల్ జారిపోయే సమస్య తీరింది

బొడ్డుతాడు సిర నుంచి తీసిన ఎండోథీలియల్ కణాలను (రక్తనాళాల లోపలి పొర కణాలు) 5 మెగాహెర్ట్జ్‌తో కంపించే క్వార్ట్జ్ క్రిస్టల్ (మీద అంటుకున్నదాన్ని బట్టి కంపనం మారే సెన్సర్) మీద పెంచుతుంటే దాని ఫ్రీక్వెన్సీ గంటల తరబడి జారిపోతోందని, త్రాంబిన్ (ఈ కణాలను ముడుచుకునేలా చేసే, రక్తం గడ్డకట్టించే ఎంజైమ్) వేసినా స్పందన తెలియడం లేదని ఇంతకుముందు అడిగాను కదా. కారణం దొరికింది, బుడగ! ఫ్రిజ్‌లోంచి తీసిన మీడియంను (కణాలకిచ్చే పోషక ద్రవం) నేరుగా సెన్సర్ ఛాంబర్‌లోకి పంపుతున్నాను, అది లోపల 37 డిగ్రీలకు వేడెక్కేసరికి కరిగి ఉన్న గాలి బయటికొస్తోంది. ఛాంబర్ విప్పి చూస్తే బంగారు పూత అంచున, ఓ-రింగ్ పక్కనే, గసగసాల గింజంత బుడగ అంటుకుని ఉంది. నాలుగు వారాల టెన్షన్ దీని వల్లే.

ఇప్పుడు మీడియంను ముందే వేడిచేసి, గాలి తీసేసి పంపుతున్నాను. బేస్‌లైన్ (ఏమీ వేయకముందు ఉండే సిగ్నల్) నిలబడింది. త్రాంబిన్ వేయగానే డిసిపేషన్ (కంపనం శక్తి ఎంత త్వరగా తగ్గిపోతోందో చెప్పే కొలత) స్పష్టంగా కదిలింది, కణాలు ముడుచుకుని మధ్యలో సందులు పడటం మైక్రోస్కోప్‌లోనూ కనిపించింది, రెండు గంటల్లో మళ్లీ మెల్లగా సర్దుకున్నాయి. చూస్తుంటే ఎంత సంతోషమేసిందో.

సావర్‌బ్రే సమీకరణంతో (ఫ్రీక్వెన్సీ మార్పు నుంచి అంటుకున్న బరువు తేల్చే సూత్రం) లెక్కకట్టొద్దని అప్పుడు జవాబుల్లో చెప్పినవాళ్లదే కరెక్ట్. అది గట్టిగా అంటుకున్న పలుచటి పొరలకే పనికొస్తుంది, కణాలేమో మెత్తన. పైగా ఈ ఫ్రీక్వెన్సీలో కంపనం నీటిలోకి వెళ్లేది సుమారు 250 నానోమీటర్లే, అంటే మనకు తెలిసేది కణం అడుగుభాగం, అది క్రిస్టల్‌ను పట్టుకున్న తీరు మాత్రమే. అందుకే ఇప్పుడు ఫ్రీక్వెన్సీ, డిసిపేషన్ రెండూ కలిపే చూస్తున్నాను. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్ అండీ.