స్టాన్లీ రందా బాడీది ఒక కాలం, బ్లేడుది ఇంకో కాలమా?

మాది దేవరకొండ. వడ్రంగి పనిచేసిన మా తాత ఇనుప రందా (చెక్కను చిత్రిక పట్టే పనిముట్టు) ఒకటి ఇంట్లో ఉంది. స్టాన్లీ కంపెనీ బెయిలీ రకం 5 నంబరు, పొడవు 14 అంగుళాలు. కిరోసిన్‌లో రాత్రంతా నానబెట్టి, పళ్ల బ్రష్‌తో రుద్దితే అక్షరాలు తేలాయి.

బాడీ మీద, బ్లేడు కూర్చునే దిమ్మె వెనక మూడు పేటెంట్ తేదీలున్నాయి: 25 మార్చి 1902, 19 ఆగస్టు 1902, 19 ఏప్రిల్ 1910. ముందు పిడి పొట్టిది. వీటిని బట్టి 1910-18 మధ్యదని లెక్కేశాను. కానీ బ్లేడు మీద హృదయం గుర్తు, దాని లోపల ఎస్ డబ్ల్యూ అని ఉంది. స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీ 1920లో స్టాన్లీ వర్క్స్‌లో కలిసిన కాలం నాటి ముద్ర అది. ఇక్కడే లెక్క తప్పుతోంది.

నల్గొండలో ఇద్దరు పాత మేస్త్రీలకు చూపించాను. వస్తువు అసలుదే అన్నారు గానీ కాలం చెప్పలేకపోయారు. హైదరాబాద్‌లో ఒక పాత సామాన్ల షాపులో అయితే చూడకుండానే ధర చెప్పారు. నాకు అమ్మే ఉద్దేశం లేదు, దీని చరిత్ర సరిగ్గా రాసిపెట్టుకోవాలి.

బ్లేడు అరిగాక తర్వాత మార్చిందా, లేక ఫ్యాక్టరీలోనే పాత బాడీకి కొత్త బ్లేడు వేసి పంపారా అన్నది దేన్ని చూసి తేల్చుకోవచ్చు?