ఆఫీసులో ఆగని వీడియో ప్రయాణంలో ఎందుకు ఆగుతోంది?

ప్రశ్న:
మా వీడియో ప్రసార వ్యవస్థను ఫోన్లలోను, ట్యాబ్లెట్లలోను పరీక్షిస్తున్నాము. ప్రసారం హెచ్‌ఎల్‌ఎస్ (వీడియోను ముక్కలుగా పంపే) పద్ధతిలో, ఆరేసి సెకన్ల సెగ్మెంట్లుగా, అంటే ముక్కలుగా, సాగుతుంది. ఆఫీసు వైఫై వేగాన్ని సెకనుకు 2 మెగాబిట్లకు కట్టడి చేసినప్పుడు ప్లేయర్ తక్కువ నాణ్యతకు దిగి, ఎక్కడా ఆగకుండా నడుస్తోంది. అదే ఫోను ప్రయాణంలో మొబైల్ నెట్‌వర్క్ మీద, సగటు వేగం అంతకంటే చాలా ఎక్కువగా ఉన్నా, మధ్యమధ్యలో చక్రం తిరుగుతూ నిలిచిపోతోంది. మా పరీక్షలో లోపం ఎక్కడుందో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1:
మీ పరీక్షలో వేగం మారడం లేదు, లోపం అదే. గత సెగ్మెంట్లు ఎంత వేగంగా దిగాయో చూసి తర్వాతిదాని నాణ్యతను నిర్ణయించుకునే ప్లేయర్‌కు, వేగం స్థిరంగా ఉన్నంతసేపూ అంచనా తప్పే అవకాశం దాదాపు లేదు. ప్రయాణంలో 12 మెగాబిట్లు అందుతున్నాయి కదా అని 5 మెగాబిట్ల నాణ్యతను ఎంచుకున్న మరుక్షణం టవర్ మారి వేగం అర మెగాబిట్‌కు పడిపోయిందనుకోండి; ఆరు సెకన్లకు 30 మెగాబిట్లయ్యే ఆ ఒక్క సెగ్మెంటు దిగడానికే నిమిషం పడుతుంది, బఫర్‌లో (ముందుగా దింపి ఉంచుకున్న నిల్వలో) 20 సెకన్ల వీడియో మాత్రమే ఉంటే మిగిలిన 40 సెకన్లూ చక్రం తిరగవలసిందే. సగటు వేగం ఇక్కడ ఎందుకూ పనికిరాని అంకె.

లినక్స్ కంప్యూటర్‌ను రౌటర్‌గా అమర్చి, నిజమైన ప్రయాణంలో సెకనుకొకసారి నమోదు చేసుకున్న వేగాలను అదే వరుసలో, నెట్‌వర్క్ వేగాన్ని అదుపు చేసే ‘టీసీ’ ఆదేశంతో మళ్లీ నడిపించండి. ప్యాకెట్ల (డేటా పొట్లాల) నష్టాన్ని కూడా కలిపేటట్లయితే, టీసీతో వాడే, నెట్‌వర్క్ లోపాలను అనుకరించే నెట్‌ఎమ్‌లో మామూలుగా శాతం ఇస్తే అవి విడివిడిగా, యాదృచ్ఛికంగా పోతాయి. రేడియో మీద గుంపులుగా పోతాయి కనుక, అందులోనే ఉన్న గిల్బర్ట్-ఎలియట్ నమూనాను వాడడం మేలు.

సమాధానం 2:
పై సమాధానంతో ఏకీభవిస్తూనే ఒక సంగతి చేరుస్తాను. వైఫై నుంచి మొబైల్ డేటాకు మారినప్పుడు ఫోను ఐపీ చిరునామా మారి, డేటాను చేరవేస్తున్న పాత టీసీపీ కనెక్షన్ పనికిరాకుండా పోతుంది. 2021లో ప్రమాణంగా వెలువడిన క్విక్ అనే డేటా రవాణా పద్ధతిలో కనెక్షన్‌ను కొత్త చిరునామాకు తరలించే వీలుంది గాని, సర్వరు, ప్లేయరు రెండూ దానికి సిద్ధంగా ఉండాలి. సెగ్మెంటు సగం దిగిన క్షణంలోనే వైఫైని ఆపి చూడండి. రెండు సెగ్మెంట్ల నడుమ ఆపితే ఈ లోపం బయటపడకపోవచ్చు.

సమాధానం 3:
నెట్‌వర్క్‌ను తప్పుపట్టే ముందు, ఆగిన క్షణంలో బఫర్‌లో ఎంత వీడియో ఉందో లాగ్‌లో చూడండి. అది ఖాళీ అయితే పై సలహాలు సరిపోతాయి. బఫర్ నిండుగా ఉండి కూడా బొమ్మ గెంతుతుంటే, ఫోను వేడెక్కి ప్రాసెసర్ వేగం తగ్గిందేమో, వీడియో హార్డ్‌వేర్ డీకోడర్‌కు (వీడియోను విప్పే ప్రత్యేక చిప్పు భాగానికి) బదులు సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోందేమో పరిశీలించాలి. ప్లేయర్ తన గురించి తాను చెప్పుకునే లెక్కలను నేను పూర్తిగా నమ్మను. ప్రతి ఫ్రేము మీద దాని సంఖ్యను ముద్రించి, తెరను మరో కెమెరాతో చిత్రీకరిస్తే దాటిపోయిన ఫ్రేములు కంటికే కనిపిస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
లాగ్ చూశాము. ఆగిన ప్రతిచోటా బఫర్ ఖాళీగానే ఉంది, ఎక్కువ నాణ్యత గల సెగ్మెంటు ఒకటి సగంలో చిక్కుకుని ఉంది. సెగ్మెంటు నిడివిని రెండు సెకన్లకు తగ్గిస్తే సరిపోతుందా?

సమాధానం 1:
కొంత ఉపశమనం ఉంటుంది గాని, ప్రతి సెగ్మెంటూ కీఫ్రేముతో (పూర్తి బొమ్మ ఉన్న ఫ్రేముతో) మొదలు కావాలి కనుక అదే నాణ్యతకు బిట్లు ఎక్కువ ఖర్చవుతాయి, సర్వరుకు వచ్చే అభ్యర్థనలు మూడింతలవుతాయి. అంతకంటే ముందు, చిక్కుకున్న సెగ్మెంటును మధ్యలోనే వదిలేసి తక్కువ నాణ్యత గలదాన్ని అడిగే ఏర్పాటును ప్లేయర్‌లో పెట్టి, అదే వేగాల వరుసతో మళ్లీ పరీక్షించండి.