‘రవిబింబం’ పద్యంలో కెమెరా ఎక్కడ ఉంది?

పెరంబూరు సభ్యురాలు:
అందరికీ నమస్కారం. మా అబ్బాయి చెన్నై తరమణిలో సినిమా ఛాయాగ్రహణం నేర్చుకుంటున్నాడు. మొన్న పోతన భాగవతంలో వామనుడు పెరిగే ఘట్టం చదివి వినిపిస్తే, “ఇది అచ్చంగా లో యాంగిల్ షాట్ అమ్మా. కింద నుంచి తీస్తే మనిషి గొప్పగా కనిపిస్తాడు” అన్నాడు. ‘రవిబింబం’ పద్యాన్ని అలా చదవవచ్చా? తెలిసినవారు చెప్పగలరు.

కోడంబాక్కం సభ్యుడు:
పద్యం వినగానే కెమెరా ఎక్కడ ఉందో వెతికాడంటే మీవాడికి మంచి చూపు ఉందమ్మా. కానీ అది లో యాంగిల్ కాదని నా అభిప్రాయం. వడపళని సినిమా స్టూడియో ఫ్లోర్లలో చాలాకాలం కెమెరా సహాయకుడిగా పనిచేసినవాడిని కాబట్టి ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతాను. ముందు పద్యం చూద్దాం.

*రవిబింబం బుపమింపఁ బాత్రమగు ఛత్రంబై, శిరోరత్నమై,*
*శ్రవణాలంకృతియై, గళాభరణమై, సౌవర్ణకేయూరమై,*
*ఛవిమత్కంకణమై, కటిస్థలి నుదంచద్ఘంటయై, నూపుర*
*ప్రవరంబై, పదపీఠమై, వటుఁడు దా బ్రహ్మాండమున్ నిండుచోన్.*

సూర్యుడు మొదట గొడుగు. తర్వాత తలమానికం, చెవిపోగు, కంఠాభరణం, దండకడియం, చేతి కంకణం, మొలగంట, కాలి అందె, చివరికి పాదపీఠం. తొమ్మిది చోట్లకు మారినట్టు కనిపిస్తాడు కానీ పోతన సూర్యుణ్ణి వెంట్రుకవాసి కూడా కదపలేదు. కదిలింది వామనుడు. గొడుగంత ఉన్న బింబం చెవి దగ్గరికి వచ్చేసరికి చెవిపోగంత అయింది: బింబం తగ్గలేదు, చెవి పెరిగింది. “పెద్దవాడయ్యాడు” అన్న మాట ఎక్కడా లేదు, గమనించారా?

ఇప్పుడు కెమెరాను నేల మీద, వామనుడి పాదాల దగ్గర పెట్టి చూడండి. సూర్యుడు గొడుగుగా, తలమానికంగా కనిపిస్తాడు. నడుము దాకా ఎలాగో ఒప్పుకుందాం. కానీ అందెలు మన పక్కనే ఉన్నాయి, సూర్యుడు ఆకాశంలో ఉన్నాడు. ఇక అతడు అందె ఎలా అవుతాడు? పాదపీఠం ఎలా అవుతాడు? పైగా పాదాల దగ్గర నుంచి వైడ్ లెన్సుతో తీస్తే పాదాలు పెద్దవై, తల పిసరంత అవుతుంది. కాబట్టి పద్యం చూసే కన్ను నేల మీద లేదు. అది సూర్యుడి ఎత్తులో, కదలకుండా, నేరుగా చూస్తోంది. ఆ కన్ను ముందు నుంచి తల, చెవులు, మెడ, నడుము, పాదాలు ఒక్కొక్కటే పైకి సాగిపోతున్నాయి. స్థిరమైన ఫ్రేము, అందులో మనకు కొలత తెలిసిన ఒకే ఒక వస్తువు, ఎంతకీ పూర్తికాని శరీరం. ఈ పద్యం బలమంతా అందులోనే ఉంది.

తాంబరం సభ్యుడు:
బాగుంది మాస్టారూ. కానీ కింద నుంచి తీస్తే బలం, పైనుంచి తీస్తే బలహీనత అని పాఠాల్లో చెబుతారు కదా. అది తప్పంటారా?

కోడంబాక్కం సభ్యుడు:
తప్పనను. అది మొదటి పాఠం, అక్కడే ఆగిపోకూడదు. 1941 నాటి ‘సిటిజెన్ కేన్’ చూడండి. కథానాయకుడు కేన్ గవర్నర్ ఎన్నికలో ఓడిపోయాక, స్నేహితుడు తాగి వచ్చి నిలదీసే సన్నివేశంలో, ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలాండ్ కెమెరాను నేలమట్టానికి దించాడు. అందుకోసం సెట్టు నేలను తవ్వారు. కేన్ కొండలా కనిపిస్తాడు, కానీ ఓడిపోయిన మనిషి. ఆ ఎత్తే అతడి ఓటమిని భరించలేనంత చేస్తుంది. జపాన్ దర్శకుడు ఒజు సంగతి వేరు. ఆయన కెమెరా కిందే ఉంటుంది, కానీ పైకి ఎగాదిగా చూడదు. చాప మీద కూర్చున్న మనుషులను దాదాపు వారి కంటి ఎత్తు నుంచే, ఇంటి మనిషిలా చూస్తుంది. కెమెరా ఎత్తు వేరు, కోణం వేరు. కొత్తగా నేర్చుకునేవారు తరచూ తడబడేది ఇక్కడే.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ అదే ఘట్టంలో ఉంది. వామనుడికి దానం ఇవ్వవద్దని గురువు శుక్రుడంటే బలి ఏమన్నాడు? లక్ష్మి కొప్పుపై, తనువుపై, ఉత్తరీయంపై, పాదాలపై, చెక్కిలిపై నిలిచిన ఆ విష్ణువు చేయి “క్రిందగుట మీదై నా కరంబుంట మేల్ గాదే” అన్నాడు. వరసగా క్లోజప్‌లు, తర్వాత ఒకే ఫ్రేములో రెండు చేతులు. పాఠం ప్రకారం పైచేయి బలిది. నిజానికి మరుక్షణం సర్వం పోగొట్టుకోబోయేది అతడే, ఆ సంగతి అతడికీ తెలుసు. అయినా ఆ చేయి నిజంగానే పైన ఉంది. ఆ రెండు అర్థాల్లో ఏ ఒక్కటి తీసేసినా పద్యం చచ్చిపోతుంది.

పెరంబూరు సభ్యురాలు:
మరి ‘రవిబింబం’ ముందు పద్యం, ‘ఇంతింతై’? అక్కడ కూడా కన్ను కదలదా?

కోడంబాక్కం సభ్యుడు:
కదులుతుందమ్మా, అందుకే ఆ రెండూ పక్కపక్కన ఉన్నాయి. అందులో కొలబద్ద మారుతూ పోతుంది: మబ్బులు, చంద్రుడు, ధ్రువుడు, మహర్లోకం, సత్యలోకం. క్రేన్ మీద మనమూ అతడితో పాటు లేస్తాం. దూరం ఎలా పెరిగిందో ఆ చిన్న మాటల్లోనే వినండి. మొదట “ఇంతింతై, వటుఁడింతయై, మఱియుఁ దానింతై”. ‘ఇంత’ అంటే చేత్తో చూపించగలిగినంత, మన ఎదుటే ఉన్నాడు. ఆకాశవీథి దగ్గరికి వచ్చేసరికి “అంతై”. మబ్బుల అంచున “అల్లంతై”. క్లోజప్ నుంచి లాంగ్ షాట్‌కు ఆ మూడు మాటల్లోనే వెళ్ళిపోయాం. మీ అబ్బాయిని ఈ పద్యానికి షాట్లు విడగొట్టి గీయమనండి, ఇక్కడ పెట్టండి. ‘అల్లంతై’ దగ్గర అతడు ఏ లెన్సు వాడతాడో నాకు చూడాలని ఉంది.