లైన్ స్పీడే తెలియనప్పుడు కాల్స్‌కి ముందు దారి ఇవ్వగలమా?

గట్టుమీదిల్లు: మాది కోనసీమలో ఒక ఊరు. మా వీధికి ఫైబర్ ఇంకా రాలేదు, 4జీ రూటరే దిక్కు. దాని వెనక ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్ల కోసం చేసిన లినక్స్) ఎక్కించిన చిన్న రూటర్ పెట్టాను. మా అమ్మాయి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది. పొద్దున అప్‌లోడ్ 8 ఎంబీపీఎస్ దాకా వస్తుంది, రాత్రి ఒక్కోసారి 1 కూడా దాటదు. ఎవరి ఫోనైనా ఫొటోలు బ్యాకప్ మొదలుపెట్టిందా, మీటింగ్‌లో అమ్మాయి మాట ముక్కలైపోతుంది. ఎక్కడ చూసినా "ముందు మీ లైన్ స్పీడ్ రాయండి" అంటారు. ఏ గంట స్పీడ్ రాయను? అది రాయకుండా "కాల్ ప్యాకెట్లు ముందు పంపు" అంటే చాలదా?

పాతకేబుల్: చాలు. లినక్స్‌లో ప్రియో క్యూకి (ప్యాకెట్లను ముఖ్యాన్ని బట్టి పై, కింది వరుసల్లో నిలిపే పద్ధతి) స్పీడ్ అంకె అక్కర్లేదు. పై వరుసలో ప్యాకెట్ ఉన్నంతసేపూ కింది వరుసను ముట్టుకోదు. ఉన్నదే తక్కువ స్పీడ్, దాన్ని షేపింగ్ (లైన్ స్పీడ్ కంటే కాస్త తక్కువకి మనమే హద్దు కట్టడం) పేరుతో ఇంకా కోసుకోవడం ఎందుకు?

మూడోవరుస: పాతకేబుల్ గారూ, ఇక్కడ ఒప్పుకోలేను. క్యూ మన రూటర్లో ఏర్పడితేనే ఎవరు ముందో మనం చెప్పగలం. గట్టుమీదిల్లు గారి చిన్న రూటర్ నుంచి 4జీ రూటర్‌కి ఉన్నది 100 ఎంబీపీఎస్ కేబుల్. చిన్న రూటర్‌కి ఎప్పుడూ దారి ఖాళీగానే కనిపిస్తుంది, వచ్చిన ప్యాకెట్‌ని వచ్చినట్టే తోసేస్తుంది. అవన్నీ 4జీ పెట్టె బఫర్లో (ప్యాకెట్లు వంతు కోసం ఆగే చోటు) పేరుకుంటాయి. రైల్వే గేటు దగ్గర బళ్లన్నీ ఆగిపోతే, మన వీధి మలుపులో అంబులెన్సుకి దారి ఇచ్చి ఏం లాభం? లెక్క చూడండి: బఫర్ 256 కిలోబైట్లే అనుకుందాం. 1 ఎంబీపీఎస్ లైన్ మీద అది ఖాళీ అవ్వడానికి 2 సెకన్లు. అమ్మాయి మాట ఆ 2 సెకన్ల వెనక నిలబడాలి.

నమ్మకం లేకపోతే బ్యాకప్ నడుస్తుండగా ఒక పక్క పింగ్ పెట్టి, ఇంకో పక్క టీసీతో (లినక్స్‌లో క్యూలను చూసే, మార్చే కమాండ్) క్యూ లెక్కలు చూడండి.

గట్టుమీదిల్లు: రాత్రి ప్రియో పెట్టి చూశాను. మామూలుగా 45 మిల్లీసెకన్లు ఉండే పింగ్ 1900కి పోయింది. అప్పుడు కూడా నా రూటర్లో బ్యాక్‌లాగ్ (క్యూలో ఆగి ఉన్న ప్యాకెట్లు) 0! నాలుగైదు సార్లు చూశాను, సున్నాయే.

పాతకేబుల్: ఆ సున్నా చూశాక మీ ఇంటి వరకు ఒప్పుకుంటాను. కానీ మా ఆఫీసులో అంకె ఇవ్వకుండానే ఏళ్ల తరబడి నడిచింది, అది అబద్ధం కాదు.

మూడోవరుస: అబద్ధమని నేననడం లేదు. అక్కడ ఇరుకు మీ పెట్టె సొంత పోర్టు దగ్గరే ఉండుంటుంది. ఈథర్నెట్ డ్రైవర్లో బీక్యూఎల్ (కార్డు దగ్గర ఎంత పేరుకోవచ్చో హద్దు పెట్టే ఏర్పాటు) ఉంటే కార్డు "ఇక చాలు" అని వెనక్కి ఒత్తిడి పెడుతుంది, క్యూ లినక్స్ చేతిలోనే నిలుస్తుంది. ఏటీహెచ్‌9కే లాంటి వైఫై డ్రైవర్లలోనూ అంతే. అలాంటి చోట ఎఫ్‌క్యూ కోడెల్‌కి (ఒక్కో కనెక్షన్‌ని విడి వరుసలో నిలిపే క్యూ) అంకె అక్కర్లేదు, సన్నగా పారే కాల్స్‌ని అదే ముందుకు జరుపుతుంది. గట్టుమీదిల్లు గారి 4జీ పెట్టె ఆ కబురు వెనక్కి చెప్పదు.

చెరువుగట్టు: అయితే సులువు. కేక్‌లో (స్పీడ్ హద్దు కూడా కట్టగల లినక్స్ క్యూ) అప్‌లోడ్ 900 కేబీపీఎస్ అని కట్టేయండి. రాత్రి కూడా క్యూ మన దగ్గరే ఉంటుంది.

గట్టుమీదిల్లు: పొద్దున వచ్చే 8లో 7 వదిలేయమంటారా అన్నా? అమ్మాయి పెద్ద ఫైళ్లు పంపేది పొద్దున్నే.

మూడోవరుస: కేక్‌లోనే ఆటోరేట్ ఇన్‌గ్రెస్ ఉంది, కానీ అది వచ్చే ట్రాఫిక్‌ని బట్టి వేసే అంచనా, అప్‌లోడ్‌కి పనికిరాదు. కేక్ ఆటోరేట్ అనే వేరే స్క్రిప్ట్ పెట్టండి. అది ఆగకుండా పింగ్ చేస్తూ, ఆలస్యం పెరిగితే షేపర్‌ని తగ్గిస్తుంది, లైన్ నిండుగా ఉన్నా ఆలస్యం లేకపోతే పెంచుతుంది. కనిష్ఠం, మూలం (లైన్ ఖాళీగా ఉంటే తిరిగి వచ్చే స్పీడ్), గరిష్ఠం అని మూడు అంకెలు ఇస్తే చాలు.

పాతకేబుల్: ఆలస్యం పెరిగాకే కదా తగ్గించేది? ఆ క్షణం కాల్ తెగినట్టే. పైగా డేటా ప్యాక్‌లో పింగులకీ కొంత పోతుంది.

మూడోవరుస: నిజమే, ఒకటి రెండు మాటలు పోతాయి. అందుకే కనిష్ఠం మరీ పైన పెట్టకండి.

గట్టుమీదిల్లు: 700, 2000, 8000 కేబీపీఎస్ పెట్టి నాలుగు రోజులైంది. రాత్రి బ్యాకప్ నడుస్తున్నా పింగ్ 120 దాటడం అరుదు. నిన్న వాన పడ్డప్పుడు మాత్రం రెండుసార్లు 600కి ఎగిరింది, అమ్మాయి "నాన్నా, మళ్లీ" అని కేకేసింది. కనిష్ఠం 500కి దించి ఈ రాత్రి చూస్తాను.